మిగిలిన పాకం... మేలిమి బంగారం!

గులాబ్‌జామ్‌కి పాకం పట్టి దించేముందు అందులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండటం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. ఎందుకని అడిగితే 'లేకపోతే రేపటికి పాకమంతా పలుకులు పలుకులుగా గడ్డకట్టదూ!' అంటారు పెద్దవాళ్లు. అందులో ఉన్న రసాయనశాస్త్రం సంగతి వాళ్లెప్పుడూ పట్టించుకుని ఉండరు. సరిగ్గా ఆ కిటుకే 140 ఏళ్ల కిందట లండన్‌లో ఓ కుటుంబానికి కాసులు కురిపించింది. పంచదార తీసేశాక మిగిలిపోయే జిగట ద్రవాన్ని బంగారు రంగు పాకంగా మార్చి డబ్బాల్లో పోసి అమ్మింది. అదే గోల్డెన్‌ సిరప్‌!

చూడ్డానికి అచ్చం తేనెలా ఉంటుంది. కానీ ఏ పువ్వునీ ఎరగదు, ఏ తేనెపట్టులోనూ పుట్టలేదు. బ్రిటన్‌, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌, దక్షిణాఫ్రికాల్లో కేకుల్లోకీ బిస్కెట్లలోకీ పుడ్డింగుల్లోకీ ఇది ఉండాల్సిందే. మన దగ్గర మాత్రం పెద్ద సూపర్‌మార్కెట్లలో దిగుమతి సరకులుండే అరలో ఓ మూల కనిపిస్తుందంతే. అయితేనేం, దాని దగ్గరి చుట్టం ఒకటి రోజూ మన ఇళ్లలోకి వస్తూనే ఉంది. ఆ సంగతి తర్వాత!

అసలు కథ మొదలైంది స్కాట్లాండ్‌లోని గ్రీనాక్‌ అనే రేవు పట్నంలో. అక్కడి అబ్రామ్‌ లైల్‌ కుటుంబానిది పీపాల తయారీ, ఓడల వ్యాపారం. ఓడల్లో వచ్చే సరకు ఎక్కువగా పంచదారే కావడంతో లైల్‌ అందులోకీ దిగాడు. 1881లో లండన్‌ వచ్చి థేమ్స్‌ నది ఒడ్డున ప్లేస్టో దగ్గర స్థలం కొని, కొడుకులతో కలిసి పంచదార శుద్ధి చేసే కర్మాగారం పెట్టాడు.

ముడి పంచదారను కరిగించి, మలినాలు తీసి, మరిగించి, పలుకులు కట్టించి, గిర్రున తిప్పే యంత్రంలో వేస్తే తెల్లటి పంచదార ఒకవైపు, చిక్కటి ద్రవం మరోవైపు విడిపోతాయి. ఆ ద్రవాన్ని మళ్లీ మరిగించి ఇంకాస్త పంచదార రాబడతారు. తర్వాత మళ్లీ! చెరకు తీపి కదాని వేళ్లతో సహా నమిలినట్లే. చివరికి ఎంత మరిగించినా పలుకు కట్టని పాకం ఒకటి మిగులుతుంది. దాన్నేం చేయాలన్నదే మిల్లులకు పెద్ద తలనొప్పి.

లైల్‌ మిల్లులో పనిచేసే చార్లెస్‌ ఈస్టిక్‌ అనే రసాయన శాస్త్రవేత్త ఆ ద్రవాన్ని మళ్లీ శుద్ధిచేసి తినడానికి పనికొచ్చేలా మార్చాడు. 1883లో తొలిసారి అది అమ్మకానికి వచ్చింది. ఎవరికో తెలుసా? మిల్లులో పనివాళ్లకీ చుట్టుపక్కల బస్తీల వాళ్లకీ! చెక్క పీపాలోంచి గిన్నెల్లోకి పట్టి ఇచ్చేవారు. 'గోల్డీ' అని ముద్దుగా పిలుచుకునేవారట దాన్ని. తేనె, జామ్‌ కొనలేని ఇళ్లలో రొట్టెమీద రాసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి! గిరాకీ చూసి 1885కల్లా టిన్ను డబ్బాల్లోకి ఎక్కించారు.

ఇంతకీ నిమ్మరసం కిటుకు ఏమిటంటే... పంచదార అణువంటే గ్లూకోజ్‌, ఫ్రక్టోజ్‌ అనే రెండు చక్కెరలు చేతులు పట్టుకుని నిలబడ్డ జంట. వేడికి పులుపు తోడైతే ఆ చేతులు విడిపోతాయి. పలుకు కట్టాలంటే ఒకే రకం అణువులు ఇటుకలు పేర్చినట్లు వరసగా చేరాలి. విడిపోయిన గ్లూకోజ్‌, ఫ్రక్టోజ్‌లు మధ్యలో అడ్డం పడుతుంటే ఆ వరస కుదరదు. పాకం పాకంలాగే ఉండిపోతుంది. పైగా ఫ్రక్టోజ్‌కి పంచదారకన్నా తీపి ఎక్కువ. ఇలా విడగొట్టిన చక్కెరనే 'ఇన్వర్ట్‌ షుగర్‌' అంటారు. పంచదార నీటిలోంచి ఒక ప్రత్యేకమైన కాంతిని పంపితే కుడివైపు తిరుగుతుంది, విడగొట్టాక అదే కాంతి ఎడమవైపు తిరుగుతుంది. అలా తిరగబడటంవల్లే ఆ పేరు. గోల్డెన్‌ సిరప్‌లో కొంత పంచదార అలాగే ఉంటుంది, కొంత విడిపోయి ఉంటుంది. తేనెటీగలూ చేసేది ఇదే. పూల మకరందంలోని పంచదారను తమ ఒంట్లోని ఎంజైముతో విడగొడతాయి. నిమ్మకాయతో పనిలేదు వాటికి!

సింహం నిద్రపోవడం లేదు

ఆకుపచ్చ, బంగారు రంగుల లైల్స్‌ డబ్బా మీద ఓ సింహం పడుకుని ఉంటుంది. దాని చుట్టూ ఈగల్లాంటివేవో ముసురుతుంటాయి. చాలామంది ఆ సింహం హాయిగా కునుకు తీస్తోందనుకుంటారు. నిజానికి అది చచ్చిపోయిన సింహం! చుట్టూ ఉన్నవి తేనెటీగలు. బైబిలు పాత నిబంధనలో సమ్సోను అనే బలశాలి ఓ సింహాన్ని చంపుతాడు. కొన్నాళ్లకు అదే దారిన వస్తూ చూస్తే ఆ కళేబరంలో తేనెటీగలు పట్టు పెట్టి ఉంటాయి. దైవభక్తి మెండుగా ఉన్న లైల్‌ ఆ కథనే తన సరకుకు గుర్తుగా పెట్టుకున్నాడు. తినే వస్తువు డబ్బా మీద చచ్చిన జంతువు బొమ్మ వేయాలన్న ఆలోచన ఇప్పుడే ప్రకటనల కంపెనీ ముందు పెట్టినా తలుపు చూపిస్తారు. కానీ ఆ బొమ్మ ఎంత నిలదొక్కుకుందంటే, ప్రపంచంలోనే ఎక్కువకాలం మారకుండా ఉన్న బ్రాండు రూపంగా 2006లో గిన్నిస్‌ బుక్కులోకి ఎక్కింది. 2024లో ప్లాస్టిక్‌ సీసాల మీద మాత్రం నవ్వుమొహం సింహాన్నీ ఒకే ఒక్క తేనెటీగనూ వేశారు. పాత టిన్ను డబ్బాను ముట్టుకునే ధైర్యం చేయలేదు.

అన్నట్టు, లైల్‌ మిల్లుకు కూతవేటు దూరంలోనే హెన్రీ టేట్‌ అనే మరో పంచదార వ్యాపారి ఉండేవాడు. ఆయన పంచదార బిళ్లలకు పెట్టింది పేరు. ఈయన సిరప్‌ జోలికి ఆయన వెళ్లలేదు, ఆయన బిళ్లల జోలికి ఈయన రాలేదు. ఇద్దరూ ఎప్పుడూ ముఖాముఖి కలుసుకోలేదని చెబుతారు. ఇద్దరూ పోయాక 1921లో వారి కంపెనీలు రెండూ కలిసి 'టేట్‌ అండ్‌ లైల్‌' అయ్యాయి. 2010లో ఈ పంచదార వ్యాపారాన్ని అమెరికన్‌ షుగర్‌ రిఫైనింగ్‌ సంస్థ కొనుక్కుంది. సిరప్‌ మాత్రం ఇప్పటికీ ప్లేస్టోలోనే తయారవుతోంది.

చెడిపోదు, గడ్డకట్టదు, చవక... ఈ మూడు గుణాలవల్ల గోల్డెన్‌ సిరప్‌ ఆంగ్లేయులు వెళ్లిన చోటల్లా వెళ్లింది. 1910లో అంటార్కిటికాకు బయల్దేరిన కెప్టెన్‌ స్కాట్‌ బృందం సామాన్లలోనూ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో లోహానికి కరవొస్తే అట్ట డబ్బాల్లో పోసి అమ్మారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆ యుద్ధంలో పోరాడిన సైనికుల పేరు మీద 'యాంజాక్‌ బిస్కెట్లు' చేస్తారు. ఓట్స్‌, మైదా, వెన్న, కొబ్బరి, గోల్డెన్‌ సిరప్‌. గుడ్డు మాత్రం వేయరు. పిండిని పట్టి ఉంచే పని సిరప్పే చేస్తుంది. గుడ్డు లేదు కాబట్టి ఎన్నాళ్లయినా నిలవుంటాయి. ఆస్ట్రేలియాలో యాంజాక్‌ అన్న పేరును ఇష్టమొచ్చినట్లు వాడటానికి చట్టం ఒప్పుకోదు. అమ్మకానికి పెట్టే బిస్కెట్లు సంప్రదాయ పద్ధతికి దగ్గరగా ఉండాలి, వాటిని 'బిస్కెట్‌' అనే పిలవాలి. అమెరికా వాళ్లలా 'కుకీ' అంటే కుదరదు!

తీపి వెనక చేదు

లండన్‌లో బంగారు రంగులో మెరిసిన ఈ పాకానికి ముడిసరకు ఎక్కడో వేల మైళ్ల దూరంలోని చెరకుతోటల్లో తయారయ్యేది. ఆ తోటల కథలో తీపి తక్కువ.

పంచదార తీశాక చివరికి మిగిలే నల్లటి మడ్డి మొలాసిస్‌. 17, 18 శతాబ్దాల్లో కరీబియన్‌ దీవుల తోటల్లో ఆఫ్రికా నుంచి బలవంతంగా పట్టుకొచ్చిన బానిసలు చెరకు పండించేవారు. అక్కడి మొలాసిస్‌ ఓడల్లో అమెరికాలోని న్యూఇంగ్లండ్‌ ప్రాంతానికి వెళ్లేది. అక్కడ దాన్ని పులియబెట్టి రమ్‌ కాచేవారు. ఆ రమ్‌లో కొంత ఆఫ్రికా తీరానికి వెళ్లి మనుషుల్ని కొనేది. ఆ మనుషులు మళ్లీ చెరకుతోటలకు! మడ్డి, మద్యం, మనిషి... ముగ్గురికీ ఒకే ఓడ దారి. ఈ మొలాసిస్‌ మీద 1733లో ఒకసారి, 1764లో మరోసారి బ్రిటన్‌ వేసిన పన్నులు అమెరికా వలసల్లో అసంతృప్తి రాజేశాయి. తమ దేశ స్వాతంత్య్రంలో మొలాసిస్‌ కూడా ఓ ముఖ్యమైన దినుసేనని ఆ దేశ రెండో అధ్యక్షుడు జాన్‌ ఆడమ్స్‌ తర్వాతికాలంలో ఒప్పుకున్నాడు.

బ్రిటిషు వలసల్లో బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు కూలీలు కరవయ్యారు. అప్పుడు వాళ్ల కళ్లు భారతదేశం మీద పడ్డాయి. 1834 నుంచి 1910 మధ్య ఒక్క మారిషస్‌కే సుమారు నాలుగున్నర లక్షల మందిని ఒప్పంద కూలీలుగా తీసుకెళ్లారు. వారిలో గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. గోదావరి పాయ పక్కనున్న కోరంగి రేవునుంచి ఓడెక్కడంతో అక్కడ తెలుగువాళ్లకు 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడింది. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిన మొదటి ఓడతో అక్కడి చెరకుతోటల్లోకీ మనవాళ్ల వలస మొదలైంది. బ్రిటన్‌ మిల్లులకు ముడి పంచదార పంపిన దేశాల్లో మారిషస్‌ ముఖ్యమైనది. లండన్‌ పిల్లాడి రొట్టె మీది తీపిలో మన కోనసీమ వైపునుంచి వెళ్లిన ఏ రైతుకూలీ చెమట కలిసిందో ఎవరు లెక్కగట్టారు! ఇప్పుడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. ఆ కూలీలు మొదట కాలుపెట్టిన రేవు మెట్లు, ఆప్రవాసీ ఘాట్‌, 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం.

వీధిలో పాతిక అడుగుల కెరటం

మొలాసిస్‌ ప్రాణాలు తీసిన ఘట్టం మరొకటుంది. వింటే కట్టుకథేమో అనిపిస్తుంది.

1919 జనవరి 15. అమెరికాలోని బోస్టన్‌ నగరం. రేవు పక్కన నార్త్‌ఎండ్‌ అనే బస్తీలో ఇటలీ నుంచి వలసవచ్చిన పేదలు ఎక్కువ. వాళ్ల ఇళ్ల మధ్యనే 50 అడుగుల ఎత్తు, 90 అడుగుల వెడల్పు ఉన్న భారీ ఇనప ట్యాంకు. అందులో దాదాపు 87 లక్షల లీటర్ల మొలాసిస్‌. యుద్ధానికి మందుగుండు తయారుచేయడానికి ఆల్కహాలు కావాలి, ఆల్కహాలు తీయడానికి మొలాసిస్‌ కావాలి. అందుకే 1915లో హడావుడిగా కట్టేశారు ట్యాంకుని. నిండా నీళ్లు పోసి పరీక్షించనైనా లేదు. మొదటినుంచీ కారుతూనే ఉండేది. చుట్టుపక్కల పిల్లలు డబ్బాలు తెచ్చుకుని, కారే పాకం పట్టుకుని వెళ్లేవారు. ఫిర్యాదులొస్తే కంపెనీ ఏం చేసిందనుకుంటున్నారు? కారేది కనిపించకుండా ట్యాంకుకు గోధుమరంగు వేయించింది!

ఆరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ట్యాంకు బద్దలైంది. రివెట్లు తుపాకి గుళ్లలా ఎగిరాయి. 25 అడుగుల ఎత్తున లేచిన మొలాసిస్‌ కెరటం గంటకు 55 కిలోమీటర్ల వేగంతో వీధిమీద పడింది. నీళ్లయితే ఈదొచ్చు. దాదాపు 12 వేల టన్నుల జిగట పాకంలో చెయ్యి కదిపితే ఇంకా కూరుకుపోవడమే. పైన రైలు వెళ్లే వంతెన ఉక్కు దూలాలు వంగిపోయాయి. ఇళ్లు పునాదుల మీంచి జరిగిపోయాయి. గుర్రాలు చిక్కుకుని అక్కడే చచ్చిపోయాయి. మొత్తం 21 మంది మరణించారు. సుమారు 150 మంది గాయపడ్డారు. చనిపోయిన వారిలో పదేళ్ల పిల్లలు ఇద్దరున్నారు.

కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. అరాచకవాదులెవరో బాంబు పెట్టారంది. ఏళ్ల తరబడి సాగిన విచారణలో ఇంజినీర్లూ లోహశాస్త్ర నిపుణులూ వందలమంది సాక్షులూ వచ్చి మాట్లాడారు. ట్యాంకు గోడ మందం సరిపోలేదనీ బాంబు లేదూ ఏమీ లేదనీ తేలింది. 1925లో తీర్పు బాధితుల వైపు వచ్చింది. ఆరు లక్షల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాల్సి వచ్చింది. నిర్మాణాల నక్షాల మీద అర్హతగల ఇంజినీరు సంతకం ఉండాలన్న నిబంధనలు గట్టిపడటానికి ఈ ప్రమాదమూ ఒక కారణం. డబ్బాలు పట్టుకుని తిరిగిన ఆ పిల్లలు మాత్రం, ట్యాంకు కారుతోందని ఇంజినీర్లందరికన్నా ముందే కనిపెట్టారు!

ఇలాంటిదే మరో చిన్న ఉదంతం. 2013లో హవాయి దీవుల్లోని హోనలులు రేవులో ఓడలోకి ఎక్కిస్తున్న మొలాసిస్‌ గొట్టంలోంచి కారి సముద్రంలో కలిసింది. అందులో విషమేమీ లేదు. కానీ బరువుగా అడుగుకు చేరి, నీటిలోని ప్రాణవాయువు చేపలకు అందకుండా చేసింది. వేలకు వేల చేపలు తేలాయి.

బిస్కెట్‌ పొట్లం మీద...

ఇక ముందు దాటేసిన సంగతి. ఇంట్లో ఉన్న ఏదైనా బిస్కెట్‌ పొట్లం తిప్పి, వెనక సన్నని అక్షరాలు చదవండి. చాలావాటి మీద 'ఇన్వర్ట్‌ షుగర్‌ సిరప్‌' అని కనిపిస్తుంది. అదే గోల్డెన్‌ సిరప్‌ దగ్గరి చుట్టం! బిస్కెట్‌కి ఆ లేత గోధుమరంగు, కమ్మటి వాసన రావడంలో దానిది పెద్ద చెయ్యి.

దాని పక్కనే 'లిక్విడ్‌ గ్లూకోజ్‌' అనో 'గ్లూకోజ్‌ సిరప్‌' అనో ఉంటే అది వేరే జాతి. చెరకుతో దానికి సంబంధం లేదు, పిండిపదార్థం నుంచి వస్తుంది. దాని వెనకా ఓ యుద్ధం ఉంది. నెపోలియన్‌ కాలంలో బ్రిటన్‌తో వ్యాపారం నిలిచిపోయి యూరప్‌కు కరీబియన్‌ పంచదార రావడం తగ్గిపోయింది. ఆ కరవులో 1811లో రష్యాలోని సెయింట్‌ పీటర్స్‌బర్గ్‌లో కిర్కాఫ్‌ అనే శాస్త్రవేత్త గంజిపిండిని కొద్దిపాటి ఆమ్లంతో కలిపి మరిగిస్తే తియ్యటి పాకం తయారైంది. ఆ తర్వాత ఈ విద్య అమెరికా చేరి మొక్కజొన్న సిరప్‌ అయింది. 1960ల్లో జపాన్‌ శాస్త్రవేత్తలు గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని ఫ్రక్టోజ్‌గా మార్చే ఎంజైమును కర్మాగారాలకు పనికొచ్చేలా తయారుచేశారు. అలా పుట్టిందే హైఫ్రక్టోజ్‌ కార్న్‌ సిరప్‌. అమెరికాలో దిగుమతి పంచదార మీద ఆంక్షలు, మొక్కజొన్న మాత్రం చవక. 1984కల్లా అక్కడి కోకాకోలా, పెప్సీ రెండూ పంచదార మానేసి ఈ సిరప్‌కి మారిపోయాయి.

ఊబకాయానికి ఇదే అసలు విలన్‌ అని కొన్నేళ్లు గట్టిగానే ప్రచారం జరిగింది. విడిచి చూస్తే ఇందులో ఫ్రక్టోజ్‌ 55 శాతం, పంచదారలో 50 శాతం. తేడా అంతే. అసలు తంటా రకంతో కాదు, మోతాదుతో. 'పంచదార మానేశాం, తేనె వాడుతున్నాం', 'బెల్లం పాకమే కదా ఎంతైనా తినొచ్చు' అనుకునేవాళ్లకు డాక్టర్లు చెప్పే మాటా ఇదే. రోజూ మనకు అందే శక్తిలో విడిగా కలిపే చక్కెరల వాటా 10 శాతం దాటకూడదనీ, 5 శాతంలోపే ఉంటే ఇంకా మంచిదనీ 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోజుకు రెండువేల కెలోరీలు తినేవారికి ఆ 10 శాతమంటే 50 గ్రాములు. తేనె, సిరప్‌లన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పెద్ద చెంచాడు గోల్డెన్‌ సిరప్‌లో దాదాపు 15 గ్రాముల చక్కెరలుంటాయి. మధుమేహం ఉన్నవాళ్లకు వీటిలో ఏదీ మందు కాదు.

తమాషా ఏమిటంటే ఒకప్పుడు మందే! బ్రిటన్‌లో మొలాసిస్‌ లాంటి నల్ల పాకాన్ని 'ట్రీకిల్‌' అంటారు. ఆ మాట పుట్టింది పాముకాటుకు విరుగుడుగా వాడిన 'థీరియాక్‌' అనే గ్రీకు మందు పేరులోంచి. చేదు మందును తేనెలోనో పాకంలోనో కలిపి ఇచ్చేవారు. కాలక్రమంలో మందు పోయింది, పాకం మిగిలింది.

అన్నంతో పాకం

పిండిపదార్థాన్ని పాకంగా మార్చడానికి ఆమ్లాలూ కర్మాగారాలూ అక్కర్లేదని తూర్పు ఆసియా వంటిళ్లకు ఎప్పుడో తెలుసు. కొరియాలో జోచాంగ్‌ అనే పాకం చేస్తారు. వండిన అన్నంలో గోరువెచ్చటి నీళ్లు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పొడి కలిపి గంటల తరబడి వెచ్చగా ఉంచుతారు. మొలకల్లోని ఎంజైములు అన్నాన్ని తీపి నీళ్లుగా మార్చేస్తాయి. వడకట్టి చిక్కబడేదాకా మరిగిస్తే పాకం. జపాన్‌ వాళ్ల మిజుఅమే కూడా ఈ కుటుంబమే. ఆ పేరుకు అర్థం 'నీళ్ల మిఠాయి'! రాగులు మొలకెత్తించి చేసిన మాల్ట్‌ పంచదార వేయకముందే కాస్త తియ్యగా ఉంటుంది చూశారూ, అక్కడా జరిగేది ఇదే.

అరబ్బు దేశాల్లో ఖర్జూర పాకం తయారీకి పొయ్యి కూడా వెలిగించలేదు. బహ్రెయిన్‌ కోట తవ్వకాల్లో 'మద్‌బసా' అనే గదులు బయటపడ్డాయి. నేలంతా వరసగా కాలువలు. వాటిమీద ఖర్జూరాల బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చేవారు. ఎండవేడికి, పై బస్తాల బరువుకి పాకం బొట్లుబొట్లుగా ఊరి కాలువల్లోంచి జారి ఓ కుండలో పడేది. మనిషి చేసే పనల్లా బస్తాలు పేర్చి ఓపిగ్గా ఎదురుచూడటమే.

శ్రీలంకలో గేదె పెరుగు మీద కితుల్‌ పాకం పోసుకుని తింటారు. ఆ కితుల్‌ మరేదో కాదు, మన మన్యంలో గిరిజనులు కల్లు గీసే జీలుగు చెట్టే. గీసిన రసం పులిస్తే కల్లు, పులియకముందే మరిగిస్తే పాకం. ఒకే చెట్టు, రెండు దారులు!

అమెరికాలో జొన్న పాకం ఉంది. 1850ల్లో అక్కడికి చేరిన తీపిజొన్న కాడల్ని చెరకులా గానుగాడి పాకం కాచేవారు. బానిసలు పండించిన పంచదార తినకూడదనుకున్న ఉత్తరాది కుటుంబాలు దీన్ని ఆదరించాయి. అంతర్యుద్ధంలో దక్షిణాది నుంచి సరకు ఆగిపోయినప్పుడు మరింత పెరిగింది. టెనెసీ, కెంటకీల్లో ఇప్పటికీ చేస్తున్నారు. హైదరాబాద్‌ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ శాస్త్రవేత్తలూ ఇలాంటి తీపిజొన్న రకాల మీద పనిచేశారు, పాకం కోసం కాదు, ఇథనాల్‌ కోసం.

మనదేశంలోనూ తక్కువేం లేదు. మహారాష్ట్రలో కాకవి, కర్ణాటకలో జోని బెల్ల... రెండూ గడ్డకట్టకముందు దించేసిన చెరకు బెల్లం పాకాలే. బెంగాల్‌లో చలికాలం వచ్చిందంటే ఈత చెట్ల నుంచి తీసిన నలేన్‌ గుడ్‌ పాకం కోసం మిఠాయి దుకాణాల ముందు జనం బారులు తీరతారు. మనకు మాత్రం అనకాపల్లి అచ్చు బెల్లం మీదున్న మోజు పానకం మీద లేదు. శ్రీరామనవమికో, మంగళగిరి పానకాల స్వామి గుడికో పరిమితం చేసేశాం. పోనీలెండి, కాకినాడ గొట్టం కాజా కొరికినప్పుడు గడ్డం మీదికి జారే పాకం ఉండనే ఉంది!

పీపాల్లో నీళ్లు

వీటన్నిటిలో రాజయోగం మాత్రం మేపుల్‌ సిరప్‌దే. కెనడా జెండా మీద ఉన్నది ఆ చెట్టు ఆకే. రాత్రిళ్లు గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం... వసంతం మొదట్లో ఇలాంటి కొన్ని వారాల్లోనే చెట్టులో రసం కదులుతుంది. మానుకు చిన్న తూము పెట్టి పడతారు. ఆ రసంలో చక్కెర రెండు శాతమే, చూస్తే నీళ్లే. 40 లీటర్లు మరిగిస్తే ఒక్క లీటరు సిరప్‌! యూరప్‌ వాళ్లు రాకముందే ఆ అడవుల్లోని ఆదివాసులకు తెలిసిన విద్య ఇది.

ప్రపంచంలో తయారయ్యే మేపుల్‌ సిరప్‌లో దాదాపు 70 శాతం కెనడాలోని క్యుబెక్‌ రాష్ట్రానిదే. అక్కడి రైతుల సమాఖ్య ఎవరెంత అమ్మాలో కోటా నిర్ణయిస్తుంది. బాగా పండిన ఏడాది మిగులును పీపాల్లో దాచి, పంట తగ్గిన ఏడాది బయటకు తీస్తుంది. దేశాలు ముడిచమురు దాచుకున్నట్లన్నమాట! 2000లో మొదలైన ఈ నిల్వలోంచి 2021లో కొరత వస్తే సుమారు 22 వేల టన్నులు విడుదల చేశారు. కోటా పద్ధతి నచ్చని రైతులూ ఉన్నారు. 'మా చెట్టు, మా రసం, మధ్యలో మీ పెత్తనమేంటి' అన్నది వాళ్ల గోడు. దానికీ దీనికీ మధ్య చీకటి బజారు పుట్టింది.

2012 వేసవిలో ఓ గోదాములో లెక్క చూడటానికి వచ్చిన ఉద్యోగి వరసగా పేర్చిన పీపాల మీదికి ఎక్కాడు. 270 కిలోలుండాల్సిన పీపా కాలికింద ఊగింది. చూస్తే ఖాళీ! మిగతావి తెరిస్తే కొన్నిట్లో నీళ్లు. ఏడాదిపాటు దొంగలు తాపీగా పీపాలు తరలించి, సిరప్‌ తోడేసి, నీళ్లు నింపి మళ్లీ తెచ్చి పెట్టారు. తర్వాత్తర్వాత నీళ్లు పోసే శ్రమ కూడా మానేశారు. మొత్తం దాదాపు మూడువేల టన్నులు. విలువ కోటీ 80 లక్షల కెనడా డాలర్లకు పైనే. ముఠా నాయకుడికి 2017లో ఎనిమిదేళ్ల జైలుశిక్ష పడింది. తను సంపాదించిన లాభమంత కడితే చాలదా అని అతను పై కోర్టుకు వెళ్తే, కుదరదు, చేతుల్లోంచి వెళ్లిన సరకు విలువంతా, 90 లక్షల డాలర్లకు పైగా, కట్టాల్సిందేనని 2022లో కెనడా సుప్రీంకోర్టు తేల్చేసింది. ఈ దొంగతనం స్ఫూర్తితో 2024లో 'ది స్టికీ' అనే హాస్య ధారావాహిక కూడా వచ్చింది.

పోలీసులు కొంత సరకు వెనక్కి తేగలిగారు. మిగతాది మామూలు సిరప్‌లో కలిసిపోయి దుకాణాలకు చేరిపోయింది. ఎందరి ఇళ్లలో పొద్దుటి పాన్‌కేక్‌ల మీద పడిందో మరి!